ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు: కళింగ సరిహద్దు ఊళ్ల వాళ్లం ఎవరం?

పాతపట్నం వాసి

సభ్యులందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఊరు దాటి కొద్ది దూరం వెళ్తే పర్లాకిమిడి వస్తుంది, దుకాణాల మీది అక్షరాలు ఒడియాలోకి మారిపోతాయి, రాష్ట్రం మారిందని తెలిపే గుర్తు చాలామందికి అంతే. మా ఇంట్లో పెద్దవాళ్లు ఒడియా మాట్లాడతారు. తాతగారు లెక్కలు ఒడియాలో రాసేవారు, నాన్నగారికి రెండు లిపులూ వచ్చు, నాకు తెలుగు మాత్రమే చదవడం వచ్చు. మా ఆవిడది కూడా ఒడియా కుటుంబమే కానీ విశాఖపట్నంలో పెరిగినందువల్ల పిల్లవాడితో తెలుగులోనే మాట్లాడుతుంది.

నిన్న వాడిని బడిలో చేర్చడానికి దరఖాస్తు నింపుతూ ‘మాతృభాష’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. శ్రీకాకుళంలో మా ఇంటిపేరు వినగానే ‘మీరు ఒడియా వారా’ అని అడుగుతారు, బరంపురంలో మా మాట వినగానే ‘మీరు తెలుగు వారా’ అని అడుగుతారు. మా ప్రాంతం ఇలా ఎందుకైందో, మేము ఎవరమని చెప్పుకోవాలో తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

తూరుపు గాలి

ఇందులో తేలనిది ఏముంది? పర్లాకిమిడి తెలుగు ఊరు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఆ ఊరి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి అర్ధ శతాబ్దానికి పైగా అక్కడే ఉన్నారు. వాడుక భాషా ఉద్యమం ఊపిరి పోసుకున్న ఊళ్లలో అదొకటి. తాలూకాను ఒడిశాలో కలపవద్దని తెలుగువారిని కూడగట్టి పోరాడి, ఓడిపోయి, 1936లో కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజునే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అంతటి మనిషి ఆ వయసులో ఇల్లు వదిలి వెళ్లారంటే జరిగింది అన్యాయం కాక మరేమిటి?

శాసన పరిశీలకుడు

తూరుపు గాలి గారి బాధ అర్థమవుతుంది. కానీ ఊరు ఎవరిదన్న తగవులో శాసనాలను సాక్ష్యానికి పిలిస్తే అవి ఇద్దరి తరఫునా మాట్లాడతాయి, అదే చిక్కు.

తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అంటే వంశధార ఒడ్డున ఉన్న నేటి శ్రీముఖలింగమేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ వంశంలోని అనంతవర్మ చోడగంగదేవుడు 1078 ప్రాంతంలో పట్టాభిషిక్తుడై, ఉత్కళాన్ని జయించి, తరువాత అధికార కేంద్రాన్ని కటకం వైపు తరలించాడు. పూరీలో ఇప్పుడు మనం చూసే జగన్నాథాలయ నిర్మాణం మొదలైంది ఆయన కాలంలోనే. అంటే ఒడియా ప్రజల ఆత్మగా చెప్పుకునే గుడిని తలపెట్టిన రాజు తొలుత ఏలిన రాజధాని ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ముఖలింగం గుళ్లలో గాంగుల నాటి తెలుగు శాసనాలు కనిపిస్తాయి. అదే శ్రీకాకుళం జిల్లాలోని ఉరజాంలో దొరికిన 1051 నాటి శాసనాన్ని ఒడియా భాషకు లభించిన తొలి శాసనాల్లో ఒకటిగా పండితులు లెక్కిస్తారు. తెలుగు గడ్డ అని మనం చెప్పుకునే చోట ఒడియాకు పుట్టుక పత్రం దొరికిందన్నమాట. కోణార్క ఆలయాన్ని కట్టించిన మొదటి నరసింహదేవుడి కాలానికీ సింహాచలం గుడి ఇప్పటి రూపానికీ సంబంధం ఉంది. ఆ గుడి గోడల మీద తెలుగు, సంస్కృత శాసనాల సరసన ఒడియా శాసనాలూ ఉన్నాయి.

గాంగుల తరువాత ఒడిశాను ఏలిన గజపతుల కాలానికి వస్తే సరిహద్దు ఎంతగా కదిలేదో మరీ బాగా తెలుస్తుంది. ఒక దశలో గజపతుల ఏలుబడి కృష్ణ దాటి నెల్లూరు సీమలోని ఉదయగిరి దాకా సాగింది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టుకుని, 1516లో సింహాచలంలో శాసనం వేయించి, పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఆ తరువాత సంధి చేసుకుని కృష్ణకు ఉత్తరాన ఉన్న నేలను ప్రతాపరుద్ర గజపతికే తిరిగి ఇచ్చేశాడు. మనం పాఠాల్లో జయస్తంభం దాకా చదువుకుని, తిరిగి ఇచ్చేసిన సంగతి దగ్గర పుస్తకం మూసేస్తాం. ఆ పైన గోల్కొండ వారి చికాకోల్ సర్కారు, 1765లో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి ఉత్తర సర్కారులు, చివరకు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఇన్ని వందల ఏళ్లలో ఏలినవాళ్లు శిస్తు అడిగారు, సేనలు అడిగారు, ‘నీ మాతృభాష ఏది’ అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న 19వ శతాబ్దపు జనగణనతో వచ్చింది.

ఇంటిపేరుతో తేలుస్తామన్నా కుదరదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు శిష్టకరణ కులస్థుల్లో పట్నాయక్, మహంతి అన్న ఇంటిపేర్లు మామూలు, వారు ఇంట్లో మాట్లాడేది తెలుగు.

మహేంద్రతనయ తీరం

నేను పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఇంట్లో మాది ఒడియా, తెలుగు వీధిలో నేర్చుకున్నాను. రాతలో పొరపాట్లు ఉంటే మన్నించండి.

తెలుగు మిత్రులు 1936ను నష్టంగా తలచుకుంటారు. మా ఇళ్లలో అదే ఏడాది ఏప్రిల్ 1ని పండుగలా తలచుకుంటాం. ఎందుకో చెబుతాను. అంతకు ముందు ఒడియా మాట్లాడేవారు మద్రాసు, బెంగాల్, మధ్య పరగణాల మధ్య చీలిపోయి ఉండేవారు, ప్రతిచోటా వారు అల్పసంఖ్యాకులే. 1870లో కాంతిచంద్ర భట్టాచార్య అనే బెంగాలీ ఉపాధ్యాయుడు ఒడియా అసలు స్వతంత్ర భాషే కాదని పుస్తకం రాశాడు. గంజాంలో కచేరీ ఉద్యోగాలు, వకీలు వృత్తి, బడి పంతుళ్ల కొలువులు ఎక్కువగా తెలుగువారి చేతుల్లో ఉండేవి. మధుసూదన్ దాస్ నాయకత్వంలో 1903లో ఒడియా ప్రాంతాలను ఒక్కటి చేయాలని కోరిన ఉత్కళ సమ్మిళని ఏర్పడింది ఈ బాధలోంచే.

పదేళ్ల తరువాత 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ పెట్టినప్పుడు తెలుగువారు మద్రాసులో తమిళుల ఆధిక్యం గురించి చెప్పిన మాటలు చదివి చూడండి. గంజాంలో తెలుగువారి గురించి మా పెద్దలు చెప్పిన మాటలకూ వాటికీ పెద్ద తేడా ఉండదు. ఒకే మనిషి తన పై మెట్టు మీద ఉన్నవాడి బరువును గుర్తించినంత సులువుగా తాను కింది మెట్టు మీద మోపిన బరువును గుర్తించడు.

మా మహారాజు కృష్ణచంద్ర గజపతి లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి ప్రత్యేక ఒడిశా కోసం వాదించారు. అయినా 1933 నాటి బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం పర్లాకిమిడిని, కొరాపుట్ సీమలోని జయపురాన్ని ఒడిశాకు వెలుపలే ఉంచింది. ఆ తరువాతి విచారణల్లో సరిహద్దు గీత మళ్లీ కదిలింది. 1937లో ఆయనే ఒడిశా తొలి ప్రధాని అయ్యారు, అప్పట్లో ప్రాంతీయ ప్రభుత్వాధినేతను అలాగే పిలిచేవారు. భాష ప్రాతిపదికన తొలి రాష్ట్రం 1953 నాటి ఆంధ్ర రాష్ట్రమేనని తెలుగు మిత్రులు తరచూ అంటారు. స్వాతంత్ర్యానంతరం అన్న మాట చేరిస్తే అది సరైనదే. అది చేర్చకపోతే మేము 17 ఏళ్లు ముందున్నాం.

తూరుపు గాలి

బాపట్ల పోలిక నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ జమీందారు గారి ఇష్టం వేరు, ప్రజల ఇష్టం వేరు. తన జమీలోని తెలుగు గ్రామాల వారిని అడిగి ఆయన లండన్ వెళ్లలేదు కదా. జమీందారీలోని మైదాన గ్రామాల్లో చాలా భాగం చివరకు మద్రాసు వైపే మిగలడం ఆ మాట నిజమని చూపిస్తోంది.

మహేంద్రతనయ తీరం

ప్రజలను అడగలేదన్నది నిజమే. అయితే గీతకు అటూ ఇటూ ఎవరినీ అడగలేదు. పట్టణం, కొండ సీమ ఇటు వచ్చాయి, పాతపట్నం అటు మిగిలింది. మిగిలిన చోట ఉన్న ఒడియా కుటుంబాల్లో ఒకటి, ఈ చర్చ మొదలుపెట్టిన వారిది.

బరంపురం మగ్గం

పాతపట్నం వాసి గారి కథను అద్దంలో తిప్పి చూపితే అది మాది. మేము బరంపురంలో నేత కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా తెలుగు ఫోనులో చదివి, విని నేర్చుకున్నది, మా అమ్మకు తెలుగులో ఒక్క అక్షరం రాదు కానీ ఒడియాలో ఒక్క కల కూడా రాదని ఆమే అంటుంది.

మహురి రాజుల కాలంలో దక్షిణం నుంచి పిలిపించిన నేతగాళ్ల వంశం మాదని మా వాళ్లు చెప్పుకుంటారు. బరంపురం పట్టు చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాన్ని ఒడిశా చీర అంటారు, అది నిజమే, నేసే చేతుల్లో చాలా చేతులు తెలుగు మాట్లాడతాయన్నదీ నిజమే. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్ర మా ఊరికి పెద్ద పండుగ. ఆ యాత్రలో బూఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఆ పుట్టిల్లు ఎవరిదనుకున్నారు? మా నేతవారి పెద్ద దేశీబెహరా గారిది. ఒడిశాలోని ఒక పట్టణ దేవత తెలుగు మూలాలున్న ఇంటి ఆడపడుచు! యాత్ర రోజుల్లో నగరమంతా ఆమెకు సారె పెడుతుంది. ఆ రోజుల్లో మమ్మల్ని బయటివారని ఎవరూ అనరు. మిగతా రోజుల సంగతి అడగకండి.

రాష్ట్రపతిగా పనిచేసిన వి. వి. గిరి గారు 1894లో పుట్టింది మా ఊళ్లోనే. అటువాళ్లూ ఇటువాళ్లూ ఆయన మావాడని గట్టిగానే చెప్పుకుంటారు. పేరున్నవాడైతే సరిహద్దు ఎవరికీ అడ్డు రాదు.

మా కష్టం బడి దగ్గర. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 1956 సవరణతో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. కాగితం మీద అది రెండు వైపులా మాకు అండ. కానీ తెలుగు బడిలో చదివితే తరువాత కళాశాల ఎక్కడ, కొలువు ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు లేక తల్లిదండ్రులే పిల్లలను ఒడియా లేదా ఇంగ్లీషు బడికి పంపుతారు. పిల్లలు రావడం లేదు కాబట్టి పంతులును వేయరు, పంతులు లేడు కాబట్టి పిల్లలు రారు. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా బడుల గురించి మా బంధువులు చెప్పే మాటలూ అచ్చం ఇవే.

మన్యం ఉపాధ్యాయిని

ఇంతసేపూ ఈ నేల తెలుగువారిదా, ఒడియావారిదా అన్న లెక్కే నడిచింది. కొండల మీద ఉన్నవాళ్లను ఎవరూ తలచుకోలేదు. నేను పార్వతీపురం మన్యం జిల్లాలో సవర పిల్లలకు పాఠాలు చెబుతాను.

సవర భాష ద్రావిడ భాష కాదు, ఒడియాలాగా ఇండో-ఆర్య భాషా కాదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. ఈ రెండు భాషల వారూ దిగువన రాజ్యాలు కట్టుకోక ముందు నుంచీ ఆ ప్రజలు మహేంద్రగిరి చుట్టూ ఉన్నారని నమ్మేవారు చాలామంది. గిడుగు వారిని ఇక్కడ పోరాటయోధుడిగా తలచుకున్నారు, మంచిదే. సవరలు ఆయనను గుర్తుపెట్టుకునేది మరో కారణానికి. ఆయన వాళ్ల భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో వాళ్లకు బడులు నడిపి, వాచకాలు రాసి, 1931లో సవర భాషకు సమగ్రమైన వ్యాకరణ గ్రంథం అచ్చు వేయించారు. అడిగితే తప్ప వినిపించని గొంతును అడిగి విన్న మనిషి ఆయన.

సరిగ్గా 1936లోనే, అంటే గిడుగు వారు పర్లాకిమిడి విడిచిన ఏడాదే, మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని ప్రకటించారు. దిగువన రెండు పెద్ద భాషలు తమ మధ్య గీత గీసుకున్న ఏడాదిలో మూడో భాష తన అక్షరాలను తానే చేసుకుంది. ఈ కలయికను నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. ఫలితం ఏమైందంటే, ఇప్పుడు ఒకే సవర పాటను ఆంధ్రలో తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో, మిషనరీల ద్వారా చదువుకున్న చోట రోమన్ లిపిలో, కొన్ని ఊళ్లలో సొంత లిపిలో రాస్తారు. కొండకు అటు పక్క ఉన్న మేనత్త రాసిన ఉత్తరాన్ని ఇటు పక్క మేనకోడలు చదవలేదు, ఫోను చేస్తే మాత్రం గంటసేపు మాట్లాడుకుంటారు.

ఇక ధ్రువపత్రాల సంగతి. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. ఒక రాష్ట్రంలో తెగగా గుర్తింపు ఉన్నంత మాత్రాన వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ హక్కు రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మైదానాల వారికి అది సబబైన నియమంగానే తోచవచ్చు. పెళ్లి చేసుకుని కొండ దిగి నాలుగు మైళ్లు అవతలికి వచ్చిన అమ్మాయికి అది వేరుగా తగులుతుంది.

కొటియా గ్రామాల పేరు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. సాలూరు మండలానికీ కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ మధ్య ఉన్న ఆ 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన తగవు 2006లో తేలకుండానే ముగిసింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ కొన్ని ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు జరిపించడంతో ఒడిశా మళ్లీ కోర్టు తలుపు తట్టింది. ఆ ఊళ్లలో చాలామందికి రెండు వైపుల కార్డులూ ఉన్నాయి. పట్నంలో దాన్ని మోసం అంటారు. రెండు ప్రభుత్వాలూ మావాళ్లేనని పోటీ పడి వచ్చి కార్డులు ఇస్తుంటే పుచ్చుకున్నవాళ్లను తప్పుపట్టడం నాకు సమంజసంగా తోచదు, ముఖ్యంగా ఈ పోటీ మొదలయ్యే దాకా ఆ ఊళ్లకు సరైన రోడ్డు వేయాలని రెండింటిలో ఎవరికీ తొందర కలగనప్పుడు.

వేదిక నిర్వాహకులు

చర్చ మర్యాదగా సాగుతున్నందుకు ధన్యవాదాలు. కొటియా మీద వాదప్రతివాదాలకు వేరే చర్చ తెరిచాము. ఇక్కడ మొదటి ప్రశ్నకే పరిమితం కావలసిందిగా మనవి.

నౌపడ ప్రయాణికుడు

మొదటి ప్రశ్నకు జవాబు నా మట్టుకు నౌపడ–గుణుపురం రైలులో ఉంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్న రైలుమార్గం 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా సాగింది. అప్పటికి అదంతా ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. అయిదేళ్లకు గీత పడేసరికి నౌపడ, టెక్కలి, పాతపట్నం ఒక రాష్ట్రంలో, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం మరో రాష్ట్రంలో మిగిలాయి. పట్టాలను ఎవరూ కోయలేదు. 2004లో చిన్న రైలు ఆగిపోయి, పెద్ద పట్టాలతో 2011లో మళ్లీ నడిచింది. ఆ బండిలో కూర్చున్నవాళ్లు పక్కవాడి మాట విని ఏ భాషలో జవాబు చెప్పాలో ఒక్క క్షణంలో తేల్చుకుంటారు, చాలాసార్లు సగం వాక్యం ఒక భాషలో మొదలై మరో భాషలో ముగుస్తుంది. పాతపట్నంలోని నీలమణి దుర్గమ్మ గుడికి వచ్చే ఒడిశా భక్తులు మొక్కు చెప్పుకోవడానికి అనువాదకుడిని వెతుక్కోరు.

నది దగ్గర మాత్రం ఈ సౌలభ్యం లేదు. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. గొట్టా దగ్గర లెక్కగట్టిన 115 టీఎంసీలను చెరి సగం పంచుకుందామని 1962లోనే ఒప్పందం కుదిరింది. అయినా వంశధార మీద ఆంధ్ర కట్టదలచిన నేరడి ఆనకట్ట తగవు ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, 2010లో ఏర్పడిన ఆ ట్రిబ్యునల్ 2017లో తీర్పు చెప్పింది. వరద ఏ వైపు పొలాన్ని ముంచుతుందన్నదే అక్కడ అసలు భయం, భాష పేరు జెండాకు పనికొచ్చింది.

శాసన పరిశీలకుడు

నౌపడ ప్రయాణికుడి గారి మాటకు ఒక చేర్పు. గీత పడ్డాక కూడా రెండు వైపులా నిలబడ్డ మనిషి ఒకరున్నారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేశారు. ఆయన సంస్థానం 1936లో ఒడిశాలోకి వెళ్లినా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చే మాట నిలబెట్టుకున్నారు. విశాఖలోని సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. గీతను ఆయన పట్టించుకోలేదని నేను అనను. గీతకు లోబడి ఉంటూనే తన ఇంటి రెండు తలుపులూ తెరిచే ఉంచారు.

మాతృభాష గడి గురించి కూడా ఒక మాట. జనగణన వారి నిర్వచనం ప్రకారం బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాషే మాతృభాష. ఆ లెక్కన పాతపట్నం వాసి గారి మాతృభాష ఒడియా, వారి అబ్బాయి మాతృభాష తెలుగు. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులకు వేరు వేరు మాతృభాషలు! అయితే అదే పత్రంలో తెలిసిన మరో రెండు భాషలు రాసే గడి కూడా ఉంది. బడి దరఖాస్తులో ఆ రెండో గడి లేకపోవడమే మీ చిక్కు.

పాతపట్నం వాసి

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఈ చర్చ మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. ఉరజాం శాసనం సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. బాపట్ల సభ గురించి మహేంద్రతనయ తీరం గారు రాసింది విని నవ్వారు. మన్యం ఉపాధ్యాయిని గారు చెప్పిన మేనత్త ఉత్తరం సంగతి విన్నాక చాలాసేపు మాట్లాడలేదు, తరువాత ‘నీకు మా నాన్న లెక్కల పుస్తకం చదవడం రాదు కదూ’ అన్నారు.

దరఖాస్తులో తెలుగు అని రాసి పక్కన చిన్న అక్షరాలతో ఒడియా అని చేర్చాను. గడిలో పట్టలేదు, అంచు మీదికి పోయింది. గుమస్తా చూసి ఏమీ అనకుండా పుచ్చుకున్నాడు.

బరంపురం మగ్గం గారూ, మీ ఊళ్లో ఒడియా మొదటి వాచకం దొరికితే రెండు ప్రతులు కావాలి. ఒకటి అబ్బాయికి, ఒకటి నాకు.

బరంపురం మగ్గం

తప్పకుండా పంపిస్తాను. మీరు తెలుగు పెద్ద బాలశిక్ష ఒకటి పంపండి, మా అమ్మ అడుగుతోంది.